నేలకు ఆనని చెంప

పదిహేడేళ్లు ఒక ఇనుప చక్రాన్ని ఇంట్లో దాచిపెట్టుకున్నాను. అన్నం పళ్లెం కంటే చిన్నది. చుట్టూ పళ్లు, మధ్యలో రంధ్రం. తూకం వేస్తే కిలో కూడా రాదు. దాని బరువు ఎంతో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడది నా దగ్గర లేదు. అయినా చెయ్యి తేలిక కాలేదు. అందుకే రాస్తున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పి ఉండేవాడిని. నా పేరు రాయను. ఇందులో వచ్చేవాళ్ల పేర్లు మార్చాను. వాళ్ల పేర్లు మార్చింది వాళ్ల కోసం. మరి నా పేరు దాచింది ఎవరి కోసం? జవాబు నాకు తెలుసు. చదివేకొద్దీ మీకూ తెలుస్తుంది.

నిజామాబాద్‌లో బోధన్ వైపు పోయే రోడ్డు మీద నాకొక చిన్న దుకాణం ఉంది. మోటారుసైకిళ్లు బాగుచేస్తాను. ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికే నాకు చాలా కాలం పట్టింది. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే ఆటోమొబైల్ లైన్ అనేవాడిని. మా తాత ఎడపల్లి అవతల మూడు ఊళ్లకు దొర. కాలువ కింద ఆయన చెరకు కోతకు వస్తే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దాకా బండ్ల వరుస తెగేది కాదట. ఆ భూమి కొంత భూపరిమితి చట్టం కింద పోయింది, కొంత కోర్టులో పోయింది, మిగిలింది మా నాన్న పేకలో పోయింది. తర్వాత ఫ్యాక్టరీ కూడా మూతబడింది. చెరకు వేసినవాళ్లు సోయాకూ పసుపుకూ మళ్లారు. మళ్లడానికి మాకు పొలమే లేదు. తాత ఉన్న కోటలాంటి గడి రాళ్లు ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలు ప్రహరీగోడలో ఉన్నాయి. ఆ దారిన పోతే అటు చూడను. నాకు దక్కింది చేతుల టేకు కుర్చీ ఒకటి, తాత తలపాగా ఉన్న చెక్కపెట్టె ఒకటి. ఇంకా ఈ వెన్ను. అది వంగదు.

కుర్చీ దుకాణంలో వేసుకున్నాను. పెట్టె ఇంట్లో ఉంది.

నాకు పని నేర్పింది ఒక ఉస్తాద్. ఇప్పుడు లేడు. నన్ను పటేల్ అని పిలిచేవాడు, సగం మర్యాదకు, సగం ఎగతాళికి. ఆయన నేర్పిన వాటిలో ఒకటి మీకు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు.

బండి వెనుక చక్రానికి పళ్లున్న ఇనుప పళ్లెం ఒకటి ఉంటుంది. స్ప్రాకెట్ అంటాం. ముందు ఇంజన్ దగ్గర చిన్నది ఒకటి. ఈ రెండింటి మీదా చైన్ తిరుగుతుంది. రెండూ ఒకే గీతలో ఉండాలి. ఉన్నాయో లేవో తెలియాలంటే, వెనుక స్ప్రాకెట్ బిగించాక, చైన్ కవర్ వేయకముందు, బండి వెనుక గోనెసంచి పరిచి పడుకోవాలి. చెంప నేలకు ఆనించి, ఒక కన్ను మూసి, చైన్ వెంబడి ముందుకు చూడాలి. అది బిగించి పట్టిన దారంలా కనిపిస్తే సరి. ఎక్కడైనా పక్కకు తిరిగినట్టుంటే అంతా విప్పాలి. మొదటి రోజు నేను నిలబడే చూసి, సరిగ్గానే ఉందన్నాను. ఉస్తాద్ నవ్వాడు.

"నిలబడి సూస్తె అన్నీ సీదనే కనపడ్తయ్ పటేల్. కన్ను చైనంత కిందికి దిగాలె. పండుకో."

పడుకున్నాను. అప్పుడు అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

సొంత దుకాణం పెట్టాక నాకు ఈ పడుకోవడం దగ్గరే చిక్కు వచ్చింది. బండి పనంటే ఎలాగూ కిందే. గొంతుక్కూర్చోవడం ఇష్టం లేక ఎత్తు పీట ఒకటి చేయించుకున్నాను. పీట మీదున్నవాడు కూర్చున్నట్టే లెక్క, ఒకరి కాళ్ల దగ్గర ఉన్నట్టు కాదు. కానీ పడుకోవడానికి పీట పనికిరాదు కదా. నేల మీద పొడుగ్గా పడి చెంప ఆనిస్తే, బండి తెచ్చినవాడి చెప్పులు నా కంటికి జానెడు దూరంలో ఉంటాయి. మా తాత ముందు జనం అలా పడేవాళ్లని విన్నాను. చూడలేదు. విన్నదే ఒంట్లో ఎక్కడో ఉండిపోయింది.

అందుకని ఒక ఉపాయం చేశాను. నట్లు బిగించడం అయిపోగానే, "ఎదురుంగ చాయ్ మంచిగుంటది, తాగి రాండ్రి" అనేవాడిని. వాళ్లు రోడ్డు దాటగానే గబగబా సంచి పరిచి, పడుకుని, చూసుకుని, లేచి దుమ్ము దులుపుకునేవాడిని. వాళ్లు తిరిగొచ్చేసరికి నిటారుగా నిలబడి ఉండేవాడిని. ఏ బండికీ ఈ పరీక్ష తప్పించలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. తెలియక చేశానని మీరు అనుకోకూడదు. తెలుసు. చాలా బాగా తెలుసు.

ఇక్కడిదాకా రాసి లేచిపోయాను. దుకాణం ముందు నీళ్లు చల్లాను. అవసరం లేకుండా ఒక కార్బొరేటర్ విప్పి మళ్లీ బిగించాను. మళ్లీ వచ్చి కూర్చున్నాను.

దేవదానం పాలు పోసేవాడు. నేను దానం అని పిలిచేవాడిని. మా పాత ఊళ్లలో ఒకదాంట్లో ఉంటాడు. తెల్లవారకముందే ఊళ్లో పాలు పోగుచేసి, బండికి రెండు వైపులా క్యాన్లు కట్టుకుని, నిజామాబాద్‌లో ఇళ్లకు పోసి, ఎండ ఎక్కేలోపు తిరిగి వెళ్లేవాడు. మెథడిస్టు చర్చి మనిషి. బీడీ కూడా తాగడు. వాళ్ల నాయన మా తాత చెరకు బండ్లు తోలాడు. అతని భార్య రత్నమ్మ కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టేది. చేయి మంచిదని పక్క ఊళ్ల నుంచి కూడా గుడ్డ తెచ్చి ఇచ్చేవాళ్లు.

క్రిస్మస్ ముందర ఒక పొద్దున దేవదానం వచ్చాడు. చైన్, స్ప్రాకెట్లు అరిగిపోయాయి. కొత్తవి వేయాలి. నేను పీట మీద కూర్చుని పని మొదలుపెట్టాను. అతను నా కుర్చీకి దూరంగా, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోడు. నేనూ గట్టిగా అనలేదు.

మాటల్లో మా తాత ప్రస్తావన వచ్చింది. వచ్చింది అంటున్నాను, తెచ్చింది నేనే. ఆయన బొంబాయి నుంచి కారు తెప్పించిన సంగతి, దాన్ని చూడటానికి బోధన్ దాకా జనం రోడ్డు పక్కన నిలబడిన సంగతి చెబుతున్నాను. దేవదానం ఊ కొడుతున్నాడు. "మా బాపు గూడ చెప్తుండె దొరా. ఆ కారు శబ్దమింటె ఎడ్లు బెదురుతుండెనట" అన్నాడు. నా కళ్లు అతని ముఖం మీద ఉన్నాయి. ఎంత ఆశ్చర్యపోతున్నాడో చూసుకుంటున్నాను. నా చేతులు కొత్త స్ప్రాకెట్ మీది నూనె కాగితం విప్పి, దాన్ని చక్రానికి పెట్టి, నాలుగు నట్లూ బిగించాయి.

ఆ బండి స్ప్రాకెట్ రెండు వైపులా ఒకలాగా ఉండదు. ఒక వైపు మధ్యలో కొంచెం ఎత్తు. అది లోపలికి రావాలి. నంబరు కొట్టిన వైపు బయటికి రావాలి. తిరగేసి పెట్టినా నట్లు బిగుస్తాయి. చక్రం తిరుగుతుంది. బండి నడుస్తుంది. పళ్ల వరుస మాత్రం ఒక రూపాయి బిళ్ల మందమో రెండు బిళ్లల మందమో పక్కకు జరుగుతుంది. అంతే. పీట మీద కూర్చున్నవాడికి ఆ తేడా కనిపించదు. పడుకున్నవాడికి కనిపిస్తుంది.

చాయ్ తాగి రమ్మన్నాను.

"మీరు నా బండికి పని చేస్తుంటె నేను పోయి చాయ్ తాగుడా దొరా. మంచిగుండదు. నేను గీడనే నిలబడ్త."

మళ్లీ చెప్పాను. మళ్లీ అదే మాట. దుకాణంలో మేమిద్దరమే. గోనెసంచి గోడకు చుట్టిపెట్టి ఉంది. అతని రబ్బరు చెప్పులు చూశాను. ఎడమదానికి పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్నాడు. ఆ పిన్నీసు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. మా తాత చెరకు బండి తోలినవాడి కొడుకు. అతని కాళ్ల ముందు నేను చెంప నేలకు పెట్టాలి.

పెట్టలేదు.

ఇరుసు దగ్గర రెండు వైపులా గీతలుంటాయి. అవి సమానంగా ఉంటే చక్రం సూటిగా ఉన్నట్టు. ఆ గీతలు చూశాను. సమానంగా ఉన్నాయి. చాల్లే అనుకున్నాను. చక్రం సూటిగా ఉన్నా స్ప్రాకెట్ తిరగబడితే చైన్ వంకరే పోతుందని నేనే నలుగురికి చెప్పి ఉంటాను. కవర్ వేసేశాను. కవర్ వేశాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు. దేవదానం దండం పెట్టి వెళ్లాడు.

ఇంకొక అవకాశం కూడా వచ్చింది. ఐదో రోజో ఆరో రోజో అతను బండి ఆపి, చైన్ దగ్గర కర్రుమని శబ్దం వస్తోందన్నాడు. నేను కుర్చీలో ఉన్నాను. మా బంధువొకాయన పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు పీట మీదికి కూడా దిగడం నాకు ఇష్టం లేకపోయింది. "కొత్త చైన్ గట్లనే అంటది. నాలుగొద్దులైతె సద్దుకుంటది" అన్నాను, లేవకుండానే. సరే దొరా అన్నాడు. వెళ్లిపోయాడు. ఆ శబ్దం ఏమిటో నాకు అప్పుడు అనుమానం రాలేదా? వచ్చిందని అనుకుంటున్నాను. రాలేదని కూడా అనుకోగలను. ఇన్నేళ్లుగా ఈ రెండింటి మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఒకరోజు ఒకటి నిజమనిపిస్తుంది, మర్నాడు ఇంకొకటి.

పన్నెండో రోజు రత్నమ్మ కూడా పట్నం వచ్చింది. చర్చి పిల్లలకు పండుగ గౌన్లు కుట్టాలని తెల్లగుడ్డ కొనుక్కుంది. పాలు పోయడం అయ్యాక దేవదానం ఆమెను వెనుక ఎక్కించుకుని బయలుదేరాడు. ఎడపల్లి దగ్గర కాలువ వంతెన ఎక్కుతుండగా చైన్ పళ్ల మీది నుంచి జారి చక్రానికీ చట్రానికీ మధ్య ఇరుక్కుంది. వెనుక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. బండి ఆమె కాలి మీద పడి, ఆమెను కొంత దూరం ఈడ్చుకుపోయింది. దేవదానానికి మోచేతులు గీరుకున్నాయి. రత్నమ్మ కుడి పాదం మడమతో సహా నలిగిపోయింది. రెండు వేళ్లు తీసేశారు. మడమ ఎముక అతికింది కానీ వంకరగా అతికింది. ఆ కాలితో మిషన్ తొక్కడం మళ్లీ కుదరలేదు.

ఆమె కొన్న తెల్లగుడ్డతోనే కాలికి కట్టుకట్టి ఆసుపత్రికి తీసుకుపోయారట.

మూడో రోజు బండిని ట్రాలీ ఆటోలో నా దగ్గరికి తెచ్చాడు దేవదానం. నేను అతన్ని ఎదురుగా చాయ్ హోటల్ నీడలో కూర్చోమన్నాను. ఆ రోజు వెళ్లాడు. నిలబడే ఓపిక లేదు. కవర్ విప్పాను. నంబరు లోపలికి ఉంది. ఒక వైపు పళ్లన్నీ చాకు పదును పెట్టినట్టు మెరుస్తున్నాయి, ఇంకో వైపు కొత్తవాటిలాగే నల్లగా ఉన్నాయి. మసక లేదు, సందేహం లేదు. చదువు రానివాడైనా చదవగలడు.

రోడ్డు అవతల చాయ్ హోటల్ వైపు చూశాను. ఆ తర్వాత ఏం చేశాననుకుంటున్నారు? స్ప్రాకెట్ విప్పి, గుడ్డలో చుట్టి, నా కుర్చీ కింద పెట్టాను. వేరే కొత్తది తీశాను. అప్పుడు దేవదానాన్ని పిలిచాను.

ఈ మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు. ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

"ఏమైంది దొరా, గట్ల ఎట్ల పడ్డది చైన్?"

"క్యాన్లు కట్టినవా ఆ రోజు?"

"కట్టిన. ఖాళీయే దొరా." తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఒకదాంట్ల సగం ఉండె. ఒక ఇంటోళ్లు ఊరికి పోయిన్రు, గా పాలు మిగిలినయ్."

"రత్నమ్మ వెనుక ఉన్నది."

"ఉన్నది."

"గుడ్డ మూట?"

"అదొకటి. ఒళ్లె పెట్టుకున్నది."

"మీరిద్దరు. క్యాన్లు. పాలు. మూట." ఒక్కొక్కటే లెక్కపెట్టాను. "గీ బండి గంత మోస్తదా దానం?"

అతను బండి వైపు చూశాడు. అది మోయగలదని నాకు తెలుసు. మన దగ్గర అలాంటి బండి మీద నలుగురు పోవడం రోజూ చూస్తాం. అతనూ చూసే ఉంటాడు. కానీ అడిగింది నేను.

"నాదే తప్పు దొరా" అన్నాడు. "ఆటోల రా అంటె ఇనకపోయె. నేనన్న గట్టిగ చెప్పాల్సింది. మీరైతె మంచిగనే బిగించిన్రు. నేను పక్కన నిలబడి సూస్తనే ఉంటి గద."

ఇది చదివి నేను అబద్ధం చెప్పలేదు కదా అని మీకు అనిపిస్తే, ఆ ఆటలో నేను మీకంటే ముందున్నాను. చాలా ఏళ్లు నేను చెప్పుకున్నది అదే. ఒక ప్రశ్న అడిగాను, అంతే కదా. జవాబు అతనిచ్చుకున్నాడు. మా ఇంట్లో అబద్ధమాడరని మా నాన్న పేకముక్కలు పంచుతూ కూడా అనేవాడు. ఆ ఇంటి మర్యాద పోకుండా, ఒక్క అబద్ధం మాట కూడా వాడకుండా, ఒక మనిషి నెత్తి మీద అతని భార్య కాలు పెట్టాను. అబద్ధం ఆడి ఉంటే నయం. అది ఎప్పుడో ఒకప్పుడు బయటపడేది. ఇది అతని సొంత మాట అయిపోయింది. దాన్ని అతను నమ్మాడు. అడిగిన ప్రతివాడికీ చెప్పాడు. దొర దగ్గరుండి బిగించిండు, నేనే బరువెక్కువ ఏసిన అని.

ఆ రోజు నేను కూలి తీసుకోలేదు. అతను నా చేతులు పట్టుకుని ఏడ్చాడు.

స్ప్రాకెట్‌ను పాత ఇనుము వాడికి వేయలేదు. ఎందుకు వేయలేదు? వారానికోసారి తోపుడు బండి వస్తుంది. విసిరేస్తే రెండు నిమిషాల్లో నా జీవితంలోంచి పోయేది. ఇంటికి తీసుకుపోయి, తాత పెట్టెలో, తలపాగా మడతల కింద పెట్టాను. ఎవరూ తెరవరని పెట్టానా, ఎప్పటికైనా చూపించాలని పెట్టానా? రెండూ కాదేమో. నా తప్పును కూడా మా వంశం సొమ్ముల్లో కలుపుకున్నానేమో. ఈ ఆలోచన వచ్చిన రోజు నాకు నా మీదే వెగటు కలిగింది.

దేవదానం బండి అమ్మేశాడు. సైకిల్ మీద అంత దూరం రాలేక పట్నం ఇళ్లు మానుకుని, ఊళ్లోనే కొన్ని ఇళ్లకు పోస్తున్నాడు. రత్నమ్మ తొక్కుడు మిషన్ పోయి చేతి మిషన్ వచ్చింది. ఒక చేయి చక్రం తిప్పాలి, ఒక చేత్తోనే గుడ్డ నడపాలి. జాకెట్లు తగ్గి, అంచులు కుట్టడం, చిరుగులకు మాసికలు వేయడం మిగిలాయి. ఊరి పని మీద ఎప్పుడైనా ఆ దారిన పోతే వాళ్ల ఇంటి ముందు ఆగేవాడిని. ఆగకపోతే ఏమనుకుంటారోనని. దేవదానం లోపలి నుంచి కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి వేసేవాడు. అందులో కూర్చునేవాడిని. రత్నమ్మ చాయ్ ఇచ్చేది, కుంటుకుంటూ. తాగేవాడిని. వెళ్లాల్సి వచ్చిన ప్రతిసారీ ముందురోజు నుంచే స్థిమితం ఉండేది కాదు. ఒకసారి బస్సు దిగకుండా బోధన్ దాకా పోయి తిరిగొచ్చాను.

పోయిన నెల వాళ్ల బిడ్డ ఎస్తేరు నా దుకాణానికి వచ్చింది. ప్రమాదం నాటికి చిన్నపిల్ల. ఇప్పుడు ఆరోగ్య సబ్‌సెంటర్‌లో నర్సు. ఊళ్లు తిరగాలి కనుక పాత మోపెడ్ కొనుక్కుంది. చైన్, వెనుక స్ప్రాకెట్ మార్చమంది. నన్ను దొరా అనదు, అంకుల్ అంటుంది.

నట్లు బిగించాను. ఈసారి నంబరు రెండుసార్లు చూశాను. తర్వాత అలవాటుగా, "చాయ్ తాగి రా బిడ్డా" అన్నాను.

"నేను చాయ్ తాగ అంకుల్. మీరు కానియ్యండ్రి."

ఎస్తేరు స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. కాళ్లకు తెల్ల బూట్లు. నేను గోడ దగ్గరి సంచి వైపు చూశాను. మోకాళ్లు ఎప్పటిలా లేవు. నా వెన్ను సంగతి చెప్పాను కదా. సంచి పరిచాను. ఒక చెయ్యి ఊని, రెండో చెయ్యి ఊని, పడుకున్నాను. చెంప ఆనించాను. నేల చల్లగా ఉంది, పెట్రోలు వాసన. ఒక కన్ను మూసి చూశాను. చైన్ దారంలా ఉంది. లేచే ముందు తల తిప్పి ఎస్తేరును చూశాను.

ఆమె ఫోన్ నుంచి తల ఎత్తలేదు.

చూడలేదు. పట్టించుకోలేదు. ఒక మెకానిక్ నేల మీద పడుకుని చైన్ చూస్తున్నాడు, అంతే. అందులో చూడటానికేముంది? నేను ఏ కళ్ల నుంచి నన్ను కాపాడుకున్నానో ఆ కళ్లు నావే. ఆ రోజు దేవదానం కూడా ఇలాగే ఉండేవాడేమో. కంగారుగా వంగి, నాతో పాటు తనూ పడుకుని చూసేవాడేమో. ఇద్దరం కలిసి చూసి ఉంటే?

బండి ఇస్తుంటే ఆమె వాళ్ల అమ్మ సంగతి ఎత్తింది.

"అంకుల్, మీరొక మాట మా బాపుకు చెప్పాలె. దీని మీద అవ్వను ఎక్కించుకోవద్దని నాతోని బైబిల్ మీద ఒట్టు పెట్టించుకున్నడు. ఇద్దరెక్కితె చైన్ పడ్తదట. ఆదివారం ఆటో దొరికితేనే చర్చి, లేకుంటె అవ్వ ఇంట్లనే. ఏమన్నంటె, నేనేసిన బరువుకే మీ అవ్వ కాలు పోయిందంటడు. మీరు చెప్తె ఇంటడు. మీ మాటంటె ఆయనకు దేవుని వాక్యం లెక్క."

చూస్తాను అన్నాను. ఆ రోజంతా ఏ పనీ చేతికి పట్టలేదు. ఒక బండికి ఒక నట్టు వేయడం మరిచిపోయి, వెనక్కి పిలిపించి వేశాను. తండ్రి తప్పు గురించి బిడ్డ జాలిగా మాట్లాడుతుంటే వినేవాడికి ఎలా ఉంటుందో, ఆ తప్పు నిజానికి మీదైతే ఎలా ఉంటుందో చెప్పే శక్తి నాకు లేదు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. చేతిలో సంచి, సంచిలో స్ప్రాకెట్. ఆ రోజు కూడా ఆటో దొరకలేదట, రత్నమ్మ చర్చికి పోలేదు. వసారాలో చేతి మిషన్ ముందు కూర్చుని ఎవరిదో లుంగీ అంచు కుడుతోంది. దేవదానం కుర్చీ తెచ్చాడు, తుడిచాడు, వేశాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

స్ప్రాకెట్ అతని చేతిలో పెట్టాను. ఎలా చెప్పాలో దారి పొడుగునా అనుకున్న మాటలేవీ రాలేదు. మా ఊరి మాటల్లోనే వచ్చింది. "దానం, ఇది ఆ రోజు నీ బండికి నేనేసింది. ఉల్టా ఏసిన. పండుకొని సూడాల్సి ఉండె. నీ ముందట పండుకునుడు ఇష్టం లేక సూడలే. చైన్ గందుకే పడ్డది. నువ్వు బండి తెచ్చిన నాడే నాకు తెలిసింది."

అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మెరిసిన పళ్ల వైపు బొటనవేలితో రాశాడు. అప్పుడు అడిగాడు.

"అంటె, క్యాన్లు గాదా?"

"గాదు."

"రత్నం ఎక్కినందుకు గాదా?"

"గాదు దానం."

మిషన్ చప్పుడు ఆగిపోయింది. రత్నమ్మ నన్ను చూడలేదు. తన మొగుణ్ని చూసింది.

"పదిహేడేండ్లు" అంది. "పాలు మిగిలినయని, బరువేసినవని, నా కాలు తిన్నవని, ఒక్కనాడు తిట్టకుండ ఉండలే ఈ మనిషిని. ఒక్క ఎదురు మాట అనకపోయె. పాడు మాటలన్నీ నా నోటితోని తిట్టిచ్చినవ్ గద దొరా."

కాలు సంగతి నాకు తెలుసు, మిషన్ సంగతి తెలుసు, అతని సిగ్గు తెలుసు. ఆమె నోటి సంగతి నాకు తెలియదు. నేను లెక్కలో వేసుకోని నష్టం అది. ఇంకా ఎన్ని ఉన్నాయో.

దేవదానం స్ప్రాకెట్‌ను మిషన్ పక్కన, ఆమె చేతికి అందేచోట పెట్టాడు. తర్వాత కుర్చీ ఎత్తి లోపలికి తీసుకుపోయాడు. విసురుగా కాదు. చుట్టం వెళ్లిపోయాక తీసినట్టు, మామూలుగా. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. అతను మళ్లీ బయటికి రాలేదు. కాసేపు చూసి వచ్చేశాను.

క్షమించమని అడగలేదు. అడిగితే అతను వెంటనే క్షమించేవాడు, నాకు తెలుసు. అడిగింది దొర కనుక. మళ్లీ ఒక ప్రశ్న అడిగి, నాకు కావలసిన జవాబు అతని నోటి నుంచి తెప్పించుకున్నట్టు అయ్యేది. ఆ పని ఒకసారి చేశాను, చాలు.

వాళ్లు ఊళ్లో ఎవరికి చెప్పారో, చెప్పలేదో తెలియదు. ఎస్తేరు మళ్లీ రాలేదు. రత్నమ్మ మోపెడ్ ఎక్కిందో లేదో కనుక్కునే హక్కు నాకు లేదు. ఆదివారం పొద్దున రోడ్డు మీద మోపెడ్ చప్పుడైతే మాత్రం తల ఎత్తి చూస్తున్నాను.

మొన్న పెట్టె తెరిచాను. తలపాగా తీసి చూశాను. అడుగు మడతలో నూనె మరక ఉంది. గుండ్రంగా, చుట్టూ పళ్లతో, మధ్యలో రంధ్రంతో. లెక్కపెడితే పళ్లు ఎన్నో కూడా చెప్పొచ్చు. మా ఇంటావిడ చూసి, ఇదేం మరక, ఉతికిస్తానంది. వద్దన్నాను. ఏమిటని అడిగితే మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, మీకు చెప్పినట్టే. ఆమె తలపాగా మడత పెట్టింది, మరక పైకి వచ్చేటట్టు.